రొయ్యల చెరువులో డబ్బు పెట్టే ముందు: కష్టం లెక్క వేరు, రిస్కు లెక్క వేరు

మా భీమవరం వైపు చెరువు గట్టు మీద ఎవర్ని కదిపినా రెండు మాటలు వినిపిస్తాయి. పంట బాగా వచ్చినవాడు "రాత్రింబవళ్లు కష్టపడ్డానండీ" అంటాడు, పోయినవాడు "టైం బాలేదండీ" అంటాడు. ఇద్దరూ అబద్ధం చెప్పడం లేదు, కానీ ఈ రెండు మాటలనే నమ్ముకుని కొత్తగా చెరువులోకి దిగేవాళ్లు మాత్రం మునిగిపోతున్నారు. కష్టపడితే వచ్చే డబ్బు ఎంత, రిస్కు తీసుకున్నందుకు వచ్చే డబ్బు ఎంత అన్నది విడివిడిగా లెక్క వేసుకోకుండా ఎకరాలు పెంచేవాళ్లని పదేళ్లుగా చూస్తున్నాను, నేనూ ఆ పని చేసినవాణ్ణే. అందుకే వనామీ రకం రొయ్య సాగులోకి దిగాలనుకునే వాళ్ల కోసం, ముఖ్యంగా లీజుకి తీసుకుని చేద్దామనుకునే కుర్రాళ్ల కోసం, ఈ లెక్క ఎలా వేసుకోవాలో రాస్తున్నాను. నీళ్లు, మేత, మందుల గురించి చెప్పేవాళ్లు ఊరికి పదిమంది ఉన్నారు. డబ్బు ఎంత పెట్టాలో, ఎప్పుడు ఆగాలో చెప్పేవాళ్లే తక్కువ.

ముందు ఒక పంట లెక్క కాగితం మీద వేయండి. నేను రాసే రేట్లు లెక్క అర్థం కావడానికి అనుకున్నవి, మీ ఊళ్లో ఈ వారం ఏ రేటుంటే అది పెట్టుకోండి. ఎకరం అంటే 4,047 చదరపు మీటర్లు. చదరపు మీటరుకి 30 పిల్లలు వేస్తే సుమారు 1,20,000 సీడ్, అంటే రొయ్య పిల్లలు. (వనామీకి కోస్టల్ ఆక్వాకల్చర్ అథారిటీ అనుమతించే గరిష్ఠం మీటరుకి 60. కొత్తవాళ్లు ఆ అంకె వైపు చూడకండి.) సీడ్ 40 పైసలు అనుకుంటే 48,000 రూపాయలు. నూటికి 75 బతికాయనుకుంటే 90,000 రొయ్యలు, 40 కౌంట్ దాకా తీసుకెళ్తే, అంటే కిలోకి 40 తూగే సైజుకి, 2,250 కిలోలు. కిలో రొయ్యకి 1.4 కిలోల మేత తిన్నదనుకుంటే 3,150 కిలోల మేత, కిలో 95 చొప్పున మూడు లక్షలు. లీజు పంటకి 40,000, కరెంటూ డీజిలూ 60,000, సున్నం, మినరల్స్, ప్రోబయోటిక్స్ అన్నీ కలిపి 70,000, కాపలా మనిషి, పట్టుబడి కూలీలు, చిల్లర ఖర్చులు 50,000. మొత్తం 5,68,000. కిలో 330కి అమ్మితే 7,42,500. ఎకరానికి లక్షా డెబ్బై నాలుగు వేలు మిగిలింది. ఐదెకరాలైతే 8,72,500, అదీ నాలుగున్నర నెలల్లో.

ఈ అంకె చూసే అందరూ దిగుతారు. ఇక్కడితో ఆపకుండా ఇంకో మూడు లైన్లు రాయండి.

మొదటి లైను మీ జీతం. నాలుగున్నర నెలలు మీరు గట్టు మీదే ఉన్నారు, తెల్లవారుజామున మూడింటికి లేచి నీళ్లలో ఆక్సిజన్ కొలిచే డీవో మీటర్ పెట్టి చూశారు, పండగలకి కూడా ఇంట్లో లేరు. అదే పని వేరేవాళ్ల చెరువులో చేస్తే నెలకి 25,000 ఇస్తారనుకుందాం, 1,12,500. రెండో లైను మీ డబ్బుకి వడ్డీ. ఐదెకరాలకి 28 లక్షలు దిగింది, అది బ్యాంకులో ఉంటే వచ్చేది వేయండి, ఖర్చు ఒక్కసారిగా కాకుండా మెల్లగా అవుతుంది కాబట్టి సగమే లెక్కేసి 40,000 అనుకుందాం. ఈ రెండూ తీసేస్తే 7,20,000 మిగులుతుంది.

ఆ 7,20,000 రిస్కు తీసుకున్నందుకు వచ్చిన డబ్బు, మీ కష్టానికి కూలి పైన లక్షా పన్నెండు వేలలోనే అయిపోయింది. ఈ తేడా ఎందుకంత ముఖ్యమో మూడో లైనులో తెలుస్తుంది. పంట పోతే ఎంత పోతుంది? నలభై, యాభై రోజుల మధ్య వైట్ స్పాట్ అనే వైరస్ జబ్బు వస్తే రొయ్య అప్పటికి చిన్నది, పట్టినా చేతికొచ్చేది అంతంత మాత్రం. సీడ్, అప్పటిదాకా మేత, లీజు, కరెంటు, చెరువు తయారీ కలిపి ఎకరానికి రెండు లక్షల దాకా పోతుందనుకోండి. ఐదెకరాలకి పది లక్షలు, మీ జీతం కూడా కలిపితే పదకొండు. మూడు పంటల్లో ఒకటి పోయిందనుకుంటే, బాగా వచ్చిన రెండింటి 14,40,000లోంచి ఈ పదకొండు పోగా మూడు పంటల మీద మిగిలేది మూడు లక్షల పైచిలుకు. రెండింట్లో ఒకటి పోతే చేతి నుంచి పెట్టాలి.

అంటే మంచి పంటలో వచ్చిన ఆ ఏడు లక్షలు మీరు ఖర్చు పెట్టుకునే డబ్బు కాదు, రాబోయే చెడ్డ పంట ఖర్చు ముందుగా మీ చేతికొచ్చింది, అంతే. దాంతో కారు కొన్నా, ఇంకో పదెకరాలు లీజుకి తీసుకున్నా, ఆ చెడ్డ పంట వచ్చిన రోజు కట్టడానికి ఏమీ ఉండదు. మా వైపు అప్పులపాలైన వాళ్లలో ఎక్కువమంది మొదటి పంట పోయినవాళ్లు కారు. రెండు పంటలు బాగా వచ్చి, ఎకరాలు రెట్టింపు చేసి, మూడోది పోయినవాళ్లు.

ఎవరి వంతు రిస్కు ఎంత

ఒకే చెరువు చుట్టూ ఎంతమంది డబ్బు చేసుకుంటున్నారో ఒక్కసారి చూడండి. అందరికంటే ఎక్కువ ఒళ్లు అలిసేది కాపలా ఉండే మనిషికి, మేత చల్లేదీ, మేత ఎంత తిన్నాయో చూసే చెక్ ట్రేలు లేపేదీ, నీళ్లలో గాలి కలిపే ఏరియేటర్ తీగలు వానలో సర్దేదీ అతనే. కానీ పంట పోయినా అతని నెల జీతం అతనికి రావాలి, అందుకే పంట విరగపండినా అతనికి వచ్చేది అంతే. భూమి యజమానికి లీజు ముందే ముట్టింది, రొయ్య చచ్చినా బతికినా ఆయనకి బాధ లేదు. మేత డీలర్ అరువు ఇచ్చాడు, మీరు ఎగ్గొట్టే భయం ఆయనకి ఉంది, ఆ భయం ధర నగదు రేటు కంటే ఎక్కువ వేసిన బస్తా రేటులోనే ఉంది. ఏజెంటుకి కిలోకింత. ఇక మిగిలిన రిస్కంతా, వైరస్సూ, రేటూ, తుఫానూ, కరెంటు కోతా, లీజుదారుడిది. ఎక్కువ డబ్బు కనిపించేది కూడా అతనికే, అందుకే.

కాబట్టి దిగేముందు మీరు ఈ వరసలో ఎక్కడ నిలబడగలరో చూసుకోండి. చేతిలో డబ్బు లేకుండా కష్టపడే ఒళ్లు మాత్రమే ఉంటే, అప్పు చేసి లీజుదారుడు కావడం కంటే రెండు పంటలు వేరేవాళ్ల దగ్గర జీతానికి చేయండి. ఇది చిన్నతనం అనుకోవద్దు. వాళ్ల సీడ్‌తో, వాళ్ల మేతతో మీరు నేర్చుకుంటున్నారు, పైగా జీతం తీసుకుంటూ. తర్వాత జీతం కొంత తగ్గించుకుని లాభంలో వాటా అడగండి. ఆ వాటా ఒప్పందంలో నష్టం వస్తే మీ వంతు ఏమిటో స్పష్టంగా కాగితం మీద రాయించుకోండి, "చూద్దాంలేరా" అన్న మాట మీద మాత్రం దిగకండి.

డబ్బున్నవాళ్లకి నా లెక్క ఇది. పోయినా ఇల్లు గడిచే డబ్బు ఎంతుందో తీసి, దాన్ని మూడు భాగాలు చేయండి. ఒక భాగంతో ఎన్ని ఎకరాలు పూర్తిగా, నగదు మీద సాగు చేయగలరో అన్నే తీసుకోండి. 18 లక్షలుంటే ఆరు లక్షలు, అంటే పై లెక్క ప్రకారం ఒక ఎకరం. అవును, ఒక్కటే. "ఎకరం కోసం అంత దూరం వెళ్లి కూర్చోవాలా" అంటారు, నిజమే, కాపలా ఖర్చు, జనరేటర్ ఖర్చు ఎకరానికీ అంతే, ఐదెకరాలకీ దాదాపు అంతే, చిన్న సాగులో మిగులు తక్కువ. అందుకే చెరువున్న బంధువుతోనో స్నేహితుడితోనో వాటా కలవమంటాను. వరసగా రెండు పంటలు పోయినా మూడోది వేయగలిగేవాడికే ఈ సాగులో నా లెక్క పనికొస్తుంది, ఒక్క పంటతో ఖాళీ అయిపోయేవాడికి సగటు లెక్కలతో పనేముంది, వాడికి సగటు వచ్చేదాకా ఆట మిగలదు.

కష్టం ఎక్కడ పనిచేస్తుంది

గట్టు లోపలి రిస్కుని కష్టం తగ్గిస్తుంది. గట్టు అవతలి రిస్కు మీద దానికి పట్టు లేదు. ఈ ఒక్క గీత మనసులో గీసుకుంటే ఎక్కడ ఒళ్లు వంచాలో, ఎక్కడ డబ్బు తగ్గించాలో తెలుస్తుంది.

గట్టు లోపల అన్నిటికంటే ముందు చెరువు ఎండబెట్టడం. ఇది విసుగు పని, లీజు కాలం నడుస్తుంటే ఖాళీ చెరువు చూస్తూ కూర్చోవడం కష్టం, అందుకే అందరూ ఇక్కడే తొందరపడతారు. ఈహెచ్‌పీ, అంటే రొయ్యని చంపకుండానే ఎదగనివ్వని సూక్ష్మజీవి, ఉన్న చెరువైతే దాని బీజాలు మట్టిలోనే ఉండిపోతాయి, మామూలు ఎండకి, మామూలు మందులకి పోవు. పూర్తిగా ఎండబెట్టి, దున్ని, హెక్టారుకి 6 టన్నుల దాకా కాల్చిన సున్నం వేసి, తడిపి, మట్టి పీహెచ్ 12కి ఎక్కించాలని నిపుణులు చెబుతారు. ఖర్చే. కానీ ఈహెచ్‌పీకి చెరువులో రొయ్య ఉండగా వేయడానికి మందు లేదు, ఎవరైనా ఉందని డబ్బా అమ్మితే కొనకండి.

రెండోది సీడ్. నా సంగతి చెబుతాను. ఒక ఏడాది తొందరపడి, జబ్బుల కోసం ల్యాబులో చేసే పీసీఆర్ పరీక్ష రిపోర్టు "రేపు పంపిస్తాం" అన్న ఒక హేచరీ (పిల్లల్ని పుట్టించి అమ్మే చోటు) నుంచి సీడ్ తెచ్చి ఐదెకరాల్లో ఒకే రోజు వేశాను. చావు లేదు, చెక్ ట్రేలో మేత ఖాళీ అవుతూనే ఉంది, నేను సంతోషంగానే ఉన్నాను. అరవై రోజులకి వల విసిరి చూస్తే ఒక రొయ్య పన్నెండు గ్రాములు, పక్కది నాలుగు గ్రాములు. ఎనభై రోజులకీ వంద కౌంటే. ఆ పంటకి నేను పడ్డ కష్టం అంతకు ముందు ఏ పంటకీ పడలేదు, రాత్రులు నిద్ర లేదు, మినరల్ మార్చాను, మేత మార్చాను, నీళ్లు మార్చాను. ప్రతి కష్టానికీ ఇంకో బిల్లు తోడైంది, అంతే. సీడ్ ఎక్కించిన రోజే అయిపోయిన పంటని మూడు నెలలు పెంచాను. పరీక్షకి అయ్యే ఖర్చు ఆ పంటలో ఒక్క రోజు మేత ఖర్చు ముందు ఎంతో తక్కువ. అందుకే ఇప్పుడు సీడ్ శాంపిల్‌ని మేమే తీసుకెళ్లి మాకు నమ్మకమున్న ల్యాబులో వైట్ స్పాట్‌కి, ఈహెచ్‌పీకి పీసీఆర్ చేయించి, రిపోర్టు చేతికొచ్చాకే లారీ ఎక్కిస్తాం. చెరువులన్నీ ఒకే రోజు, ఒకే సీడ్‌తో నింపం.

మూడోది రాత్రి. పగలు చెరువులో ఆక్సిజన్ బాగానే ఉంటుంది, రాత్రంతా తగ్గుతూ వచ్చి తెల్లవారేముందు అతి తక్కువకి చేరుతుంది, మబ్బు పట్టిన రోజుల తర్వాత మరీనూ. లీటరుకి 4 మిల్లీగ్రాముల కంటే తగ్గనివ్వకూడదు. ఒక హెచ్‌పీ ఏరియేటర్ 400, 500 కిలోల రొయ్యని మోస్తుందని లెక్క, రెండు టన్నులు దాటే చెరువుకి ఐదు హెచ్‌పీ లేకుండా వెళ్లొద్దు. జనరేటర్ ఉంటే చాలదు, వారానికోసారి స్టార్ట్ చేసి చూడాలి, డీజిల్ క్యాను నిండుగా ఉండాలి. ఇక్కడ మీరు పడే కష్టానికి పూర్తి విలువ ఉంది, అర్ధరాత్రి కరెంటు పోయినప్పుడు పది నిమిషాల్లో లేచినవాడికీ, గంటన్నరకి లేచినవాడికీ మధ్య తేడా మొత్తం పంట.

మేత కూడా అంతే, చెక్ ట్రే చూసి తగ్గించడం నేర్చుకుంటే పై లెక్కలో 1.4 బదులు 1.3కి దిగినా ఎకరానికి 225 కిలోల మేత, 21,000 రూపాయలు మిగులుతాయి. ఎకరానికి ఇరవై వేలు కేవలం ఓపికతో వచ్చేవి ఇంకెక్కడా లేవు. కరెంటు విషయంలో మీ చెరువు ఆక్వా జోన్‌లో, అంటే ప్రభుత్వం చేపలు, రొయ్యల సాగుకి గుర్తించిన ప్రాంతంలో, ఉందో లేదో, రిజిస్ట్రేషన్ ఎవరి పేరున ఉందో లీజు రాసుకునే ముందే చూడండి, జోన్‌లో అర్హత ఉంటే యూనిట్ సబ్సిడీ రేటుకి వస్తుంది, లేకపోతే ఆ తేడా మొత్తం మీ మిగులులోంచే పోతుంది. వరి చేల మధ్యలో తవ్విన చెరువైతే పక్క రైతు భూమికి ఉప్పు పాకుతుంది, ఆ గొడవ మీ మెడకి చుట్టుకుంటుంది, అన్యాయం కూడా. అలాంటిది ఎంత చవగ్గా వచ్చినా వద్దు.

కష్టం చేరని చోటు

పక్క చెరువులో వైట్ స్పాట్ వచ్చి, వాళ్లు చెప్పకుండా నీళ్లు కాల్వలోకి వదిలితే, మీరు ఎంత కష్టపడినా ఆ నీళ్లు మీ తూము దగ్గరికి వస్తాయి. పీతలకి కంచె, పక్షులకి తీగలు, నీళ్లకి రిజర్వాయర్ చెరువు పెట్టుకోండి, కానీ అవి రిస్కు తగ్గిస్తాయి, పూర్తిగా తీసేయవు. 1990ల మధ్యలో టైగర్ రొయ్య ఇక్కడ "డాలర్ల పంట" అనిపించుకుంటున్న రోజుల్లో ఇదే వైట్ స్పాట్ తీరమంతా ఊడ్చేసింది. 2009లో వనామీకి అనుమతి వచ్చాకే ఈ సాగు మళ్లీ లేచింది. అప్పుడు దెబ్బతిన్నవాళ్లు సోమరులు కారు.

రేటు సంగతి ఇంకా దూరం. ఫ్రీజ్ చేసి ఎగుమతి చేసే మన రొయ్యకి 2025 నాటికి పెద్ద మార్కెట్ అమెరికా. 2025 ఏప్రిల్‌లో అక్కడ సుంకాల ప్రకటన వచ్చీ రాకముందే ఇక్కడ గట్టు మీద రేటు తగ్గించేశారు, ఆగస్టు చివరికి ఆ సుంకం 50 శాతానికి చేరింది. జనవరిలో సీడ్ వేసినవాడు ఎంత బాగా పెంచినా ఆ రేటుకి చేయగలిగింది ఏమీ లేదు. పై లెక్కలో కిలోకి 50 రూపాయలు తగ్గించి చూడండి, ఎకరానికి 1,74,500 ఉన్న మిగులు 62,000కి పడిపోతుంది. రేటు ఆరో వంతు కంటే తక్కువే పడితే మిగులు దాదాపు మూడింట రెండొంతులు పోయింది. అందుకే ఈరోజు రేటుతో కాకుండా గత రెండేళ్లలో పడిన అతి తక్కువ రేటుతో లెక్క వేసి, అప్పుడు కూడా పెట్టుబడి తిరిగొస్తేనే సీడ్ వేయండి.

గట్టు అవతలి రిస్కుకి మన చేతిలో ఉన్న మందు ఒక్కటే, తక్కువ డబ్బు పెట్టడం. మీటరుకి 30 బదులు 20 వేయడం, చెరువులు వేర్వేరు తేదీల్లో వేయడం, మొత్తం ఒకే కౌంటు దాకా లాగకుండా మధ్యలో కొంత పట్టడం, ఇవన్నీ దాని రూపాలే.

అరువు మేత, అమ్మకం

అరువు మేత గురించి ఎక్కువ చెప్పాలి, ఎందుకంటే కష్టపడేవాడు ఎక్కువగా చిక్కుకునేది ఇక్కడే. నూటికి రెండు రూపాయల వడ్డీ అంటే ఏడాదికి 24 శాతం, అది కనిపించే ఖర్చు. కనిపించని ఖర్చు ఏమిటంటే ఎప్పుడు పట్టాలో నిర్ణయించే హక్కు పోతుంది. రొయ్య 50 కౌంటులో ఉంది, రేటు బావుంది, పడితే నయం అనిపిస్తుంది, కానీ అప్పు తీరాలంటే 40 కౌంటు కావాలి, ఇంకో పదిహేను రోజులు ఆగుతారు. లేదా చెరువులో ఏదో తేడాగా ఉంది, వెంటనే పట్టాలి, కానీ అడ్వాన్సు ఇచ్చిన ట్రేడరే పట్టాలి, ఆయన రెండు రోజుల తర్వాత వస్తానంటాడు. రిస్కు మొత్తం మీదైనప్పుడు నిర్ణయం కూడా మీదే కావాలి. కనీసం మొదటి అరవై రోజుల మేతకి నగదు లేకపోతే ఎకరాలు తగ్గించండి.

అమ్మేటప్పుడు ఇద్దరు ముగ్గురు ట్రేడర్లని అడిగి, కౌంటు ఎక్కడ తీస్తారు, మెత్త రొయ్యకి ఎంత కోత, డబ్బు ఏ రోజు అన్నది పట్టకముందే మాట్లాడుకోండి. అమావాస్య, పౌర్ణమి దగ్గర మోల్టింగ్, అంటే రొయ్య పాత పెంకు విడవడం, ఎక్కువ, ఆ రోజుల్లో పడితే మెత్త రొయ్య పేరుతో బాగా కోస్తారు. నిషేధించిన యాంటీబయాటిక్స్ మాత్రం ఎవరు చెప్పినా వాడొద్దు, విదేశంలో ఒక కంటెయినర్ తిప్పి పంపిస్తే దెబ్బ మీ ఒక్కరికే కాదు, జిల్లా మొత్తం రేటుకి తగులుతుంది.

డబ్బు చేతికొచ్చిన రోజే పంచేయండి. ముందు మీ జీతం ఇంటికి ఇవ్వండి, అది మీ కష్టం, ఖర్చు పెట్టుకునే హక్కు ఇంటిల్లిపాదికీ ఉంది. పెట్టుబడి మళ్లీ పెట్టుబడి ఖాతాలోకి. మిగిలిన రిస్కు డబ్బు విడిగా ఇంకో ఖాతాలో, ఎఫ్‌డీ అయితే ఇంకా మంచిది, ఒక పంట పూర్తిగా పోయినా సరిపడేంత అయ్యేదాకా ముట్టుకోవద్దు. అది నిండాక వచ్చింది మాత్రమే నిజమైన లాభం. అప్పుడు ఎకరం పెంచండి, ఒక్క ఎకరమే.

సీడ్ వేసే ముందు రోజు రాత్రి, ఇంకా మనసు ప్రశాంతంగా ఉన్నప్పుడే, నోటు పుస్తకంలో రెండు అంకెలు రాసి ఇంట్లోవాళ్లకి చూపించండి. ఒకటి, ఈ పంటలో ఎంత పోతే ఇక మేత వేయకుండా పట్టేస్తానో ఆ అంకె. రెండోది, మొత్తం మీద ఎంత పోతే లీజు వదిలేసి జీతానికి వెళ్తానో ఆ అంకె. చెరువులో రొయ్య తేలుతున్నప్పుడు ఎవరి బుర్రా పనిచేయదు, ఇంకొక్క మందు వేద్దాం, ఇంకొక్క పంట చూద్దాం అనే అనిపిస్తుంది. ఆ రోజు మీ బదులు ఆ పుస్తకం తీసి చదివే మనిషి ఇంట్లో ఒకరుండాలి, వాళ్లు చదివినప్పుడు కోప్పడనని ముందే మాటివ్వండి.